రెండు ఎక్స్ ప్లస్ పద్నాలుగు

బూట్లు కుట్టే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంట ఆమెది. అందరూ ఆమెను పెద్దగరిటె అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆమె కూడా పలుకుతుంది. చదువు నాలుగో తరగతిలోనే అటకెక్కినా, ఎంతమంది తింటారో ఒక్క మాట చెబితే చాలు, ఎంత పిండి, ఎంత ఉప్పు, ఎంత నూనె అన్నది ఆమె చేతిలో ఉంటుంది. నాలుగొందల మందికి ఇంత ఉప్పయితే రెండొందల మందికి అందులో సగం. యాభైమందే అయితే చిన్న గిన్నె దించుతుంది. సెలవు రోజున పొయ్యి వెలిగించదు. తినేవాళ్ళు లేకపోతే ఉప్పూ లేదు, నూనే లేదు, నిప్పూ లేదు. ఇంత సూటిగా నడిచే లోకంలో తల నెరిసిన మనిషిని పట్టుకొచ్చి ఆల్జీబ్రా నేర్చుకో, లేకపోతే పిల్ల దక్కదు అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

పిల్ల అంటే తమ్ముడి కూతురు. తల్లి పోయినప్పుడు దానికి ఇంకా పాలపళ్ళయినా సరిగ్గా రాలేదు. తమ్ముడు దూరాలు తిరిగే లారీ డ్రైవరు; వచ్చినప్పుడు వస్తాడు, లేనప్పుడు ఫోన్లో దగ్గుతాడు. పెళ్ళీ పెటాకులూ లేని పెద్దగరిటె ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది. "ఏమే కోడలా" అని ఈమె పిలవడం, "ఏంటే అత్తా" అని అది ఎదురు పలకడం, ఆ రెండు గదుల ఇంట్లో పొద్దస్తమానం ఇదే గోల. ఇద్దరికీ ఒకే దువ్వెన, ఒకే రేడియో, పడుకునేటప్పుడు ఒకే దుప్పటి కోసం కీచులాట.

పిల్ల ఏడో తరగతిలోకి వచ్చాక చిక్కిపోవడం మొదలుపెట్టింది. బిందెడు నీళ్ళు తాగేది, మాటిమాటికీ బాత్‌రూముకు పరిగెత్తేది. ఆసుపత్రికి తీసుకెళితే షుగరు జబ్బన్నారు. "చిన్నపిల్లకి షుగరేంటండీ, మా క్యాంటీన్ మేనేజరుకి ఉంది గానీ" అని పెద్దగరిటె వాదానికి దిగింది. ఇది వేరే రకమనీ, ఒంట్లో ఇన్సులిన్ అసలు ఊరదనీ, బతికినన్నాళ్ళూ బయటినుంచి ఎక్కించాల్సిందేననీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బతికినన్నాళ్ళూ అన్న మాట దగ్గర పెద్దగరిటెకు చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత చెప్పినవేవీ తలకెక్కలేదు.

అవన్నీ మళ్ళీ చెప్పింది సూదులు నేర్పే నర్సు. రెండు సూది పెన్నులిచ్చింది. ఆకుపచ్చది రోజుకొకసారి, పొద్దున్నే, పద్నాలుగు యూనిట్లు. నీలిది తిండి తినే ముందు, ఎంత తింటే అంతకి తగ్గట్టు. రొట్టె ముక్క ఒక వాటా, సగం అరటిపండు ఒక వాటా. వాటాకి రెండు చొప్పున. పిల్ల ఇదంతా విని ఇంటికి రాగానే మార్కరు తీసుకుని ఫ్రిజ్ తలుపు మీద 2x + 14 అని ఇంతింత లావు రాసింది. బడిలో ఆ వారమే ఆ పాఠం మొదలైందట. తన జబ్బు తన లెక్కల పుస్తకంలో కనబడినందుకు దాని మొహంలో చాలా రోజులకు కాస్త వెలుగొచ్చింది.

పెద్దగరిటె నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ తలుపును చూసింది.

"రెండూ పద్నాలుగూ పదహారు. పదహారు ఎక్సులు అంటే సరిపోయేదానికి ఇంత పొడుగు రాశావేమే?"

"అమ్మో, అత్తా! ముక్కకి పదహారు వేస్తే నేను చచ్చూరుకుంటాను. అవి రెండూ కలవవు."

"ఎందుకు కలవవు? అంకెలేగా?"

"అబ్బా, నువ్వు వదిలెయ్. నేను చెప్పినట్టు వెయ్యి, చాలు."

ఆమె వదిలేసింది. పొద్దున్నే ఆకుపచ్చది, తిండి ముందు నీలిది, వంట నేర్చుకున్నట్టు చేతితో నేర్చుకుంది. ఎందుకన్నది ఆ పిల్ల దగ్గర ఉంది, ఎంతన్నది తన దగ్గర ఉంది. ఇల్లు నడవడానికి అంతకంటే ఏం కావాలి అనుకుంది. ఆ మాట నేను తప్పుపట్టను, చాలా ఇళ్ళు అలాగే నడుస్తాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు వాటాలకని నీలి పెన్నుతో ఆరు వేసింది. పిల్ల ఒక ముక్క కొరికి, పక్కింటి పిల్లలు పిలిచారని కంచం వదిలేసి పరిగెత్తింది. కాసేపటికి వాళ్ళు అరుస్తూ వచ్చారు. మెట్ల మీద పిల్ల చెమటతో తడిసి ముద్దయి, కళ్ళు తేలేసి, వేళ్ళు వణుకుతూ కూలబడి ఉంది. నోట్లో పంచదార నీళ్ళు పోస్తుంటే పెద్దగరిటె పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల తేరుకుంది గానీ ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు ఉతికి ఆరేసింది. "తినకుండా ఆ నీలిది వెయ్యకూడదని ఎన్నిసార్లు చెప్పానమ్మా? తినదని తెలిస్తే వెయ్యకండి!" అని కసిరింది.

ఆ కసురు పెద్దగరిటె ఎముకల్లోకి దిగిపోయింది. తిండి లేకపోతే సూది లేదు. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరూ వివరించకుండానే అర్థమైంది. అది ఆమె ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా మరి. తినేవాళ్ళు లేరు, పొయ్యి లేదు.

ఆ తర్వాత చలిగాలులకు పిల్లకు జ్వరం వచ్చింది. మొదటి రోజు పొద్దున రొట్టె వద్దంది, పాలు వద్దంది, గోడవైపు తిరిగి పడుకుంది. పెద్దగరిటె ఆకుపచ్చ పెన్ను చేతిలోకి తీసుకుని మంచం పక్కన నిలబడింది. మెట్ల మీద వణికిన వేళ్ళు కళ్ళముందు ఆడాయి.

"ఏమీ తినలేదుగా. ఇవాళ సూదులు వద్దులేవే," అంది.

పిల్ల కళ్ళు తెరిచి ఆమె వైపూ పెన్ను వైపూ చూసింది. "ఊఁ" అంది, దుప్పటి మీదకు లాక్కుంది.

రెండో రోజు వాంతులు పట్టుకున్నాయి. నీళ్ళు తాగడం, కక్కడం. కడుపులో పడిన గుక్క నిలవడం లేదు, ఇక సూది మాటెక్కడ? క్యాంటీన్‌కు సెలవు పెట్టి, జ్వరం మందు వేసి, తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. మర్నాడు తెల్లారాక చూస్తే పిల్ల ఊపిరి తేడాగా ఉంది. పరిగెత్తి వచ్చినట్టు బుసలు కొడుతోంది, కానీ లేపితే లేవడం లేదు. నోట్లోంచి మగ్గిన పండు వాసన. "కోడలా, ఏమే, ఒసేయ్" అని చెంపలు తట్టింది. అది పలక్కపోయేసరికి చెప్పులైనా లేకుండా దుప్పటితో సహా ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. పాల వ్యాను వాడు ఆపాడు కాబట్టి సరిపోయింది.

"ఆకుపచ్చది ఎప్పుడు వేశారు?" అని అడిగింది డాక్టరమ్మ, పిల్ల చేతికి గొట్టాలు పెడుతూనే.

"పిల్ల ఏమీ తినలేదండి. అందుకని రెండూ మానేశాను."

డాక్టరమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. తిట్టి ఉంటే బాగుండేది. ఆ గదిలోంచి పెద్దగరిటెను బయటికి పంపేసి తలుపు వేసుకున్నారు.

గాజు కిటికీ అవతల పిల్ల మంచంలో సగం కూడా లేదు. దుప్పటి కింద ఇంతే. చుట్టూ యంత్రాలు. పెద్దగరిటె నుదురు గాజుకి ఆనించి నిలబడింది. జ్వరం వల్ల కాదనీ, ఒంటికి అందాల్సిన ఇన్సులిన్ అందక రక్తం పులిసిపోయినట్టయిందనీ నర్సు చెప్పింది. అంటే తనే చేసింది. ముద్దలు కలిపి పెట్టిన చేతులతో, జడలేసిన చేతులతో, తనే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనే అవసరమూ లేదు. ఆమె తల గాజుకేసి మెల్లగా కొట్టుకుంటుంటే వార్డు ఆయా వచ్చి భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

తమ్ముడు ఫోన్ చేశాడు. ఏ రోడ్డు పక్కన ఆపాడో, వెనక హారన్లు మోగుతున్నాయి.

"అక్కా, నీ ప్రేమని నేను కాదనను. కానీ నీకిది చేతకాదు. జబ్బు పిల్లల్ని చూసుకునే హాస్టలొకటుందట, నర్సులు అక్కడే ఉంటారట. అక్కడ వేసేద్దాం."

"ఎక్కడ?"

"దూరమే. నెలకోసారి చూసి రావచ్చు."

ఏమని వాదిస్తుంది? వాడు చెప్పిన దాంట్లో తప్పేముంది? ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.

పిల్ల గండం గడిచి మామూలు వార్డులోకి వచ్చాక డాక్టరమ్మ తేల్చి చెప్పింది. "ఇంట్లో ఒక్కరికైనా ఇది పూర్తిగా రావాలి. బట్టీ కాదు, అర్థం కావాలి. నర్సు అడుగుతుంది, మీరు చెప్పాలి. చెప్పేదాకా పిల్లని ఇంటికి పంపను. అసలు రాకపోతే మీ తమ్ముడు చెప్పిందే చేద్దాం."

మొదటిసారి నర్సు ముందు కూర్చున్నప్పుడు పెద్దగరిటె చేతులు కొంగులో దాచుకుంది. నర్సు తెల్లబోర్డు మీద రాసి గబగబా చెప్పుకుపోయింది. ఇది బీజీయ సమాసం, ఇవి పదాలు, ఇది గుణకం, ఇది చరరాశి. ఒక్కో మాటకీ తల ఊపింది. చివర్న "ఇందులో పదాలెన్ని?" అంటే "నాలుగండి" అంది. రెండు, ఎక్స్, ప్లస్, పద్నాలుగు. కంటికి కనబడేవి నాలుగే మరి. నర్సు మార్కరు మూత పెట్టేసింది. "రేపు చూద్దాంలెండి" అన్న ఆ గొంతులో రేపటి మీద ఆశేమీ వినపడలేదు.

మంచం దగ్గరికొచ్చి పిల్ల పక్కన కూలబడి బావురుమంది. "నా వల్ల కాదే. నా బుర్రలో పొయ్యిబొగ్గు తప్ప ఏమీ లేదే. నిన్ను తీసుకుపోతారే."

పిల్ల ఎండిపోయిన పెదాలు తడుపుకుంది. "ఏడవకు. కంచం మూత ఇటివ్వు."

ఆసుపత్రి భోజనం కంచం మూత మీద, సెలైను సూది లేని చేత్తో మార్కరు పట్టుకుని, అది 2x + 14 అని రాసింది.

"ఎక్స్ అంటే ఏంటనుకుంటున్నావ్?"

"ఏదో ఇంగ్లీషు అక్షరం."

"కాదు. నేనెన్ని వాటాలు తింటానో అది. పొద్దున నీకెలా తెలుస్తుంది నేను రోజంతా ఎంత తింటానో? తెలీదు కదా. ఒకరోజు పది, ఒకరోజు ఎనిమిది. అందుకని అక్కడ అంకె రాయకుండా ఎక్స్ అని ఖాళీగా ఉంచాం. మారేది కాబట్టి చరరాశి."

"క్యాంటీన్‌లో ఇవాళెంతమంది అని అడుగుతానే, అదన్నమాట."

"అదే! దాని ముందున్న రెండు గుణకం. ఒక్కో వాటాకి ఎంతో అది చెబుతుంది."

"మనిషికి రెండు రొట్టెలు అన్నట్టు." పెద్దగరిటె ముక్కు తుడుచుకుంది. "అంటే రెండూ ఎక్సూ వేరువేరు కాదు. కలిసే ఉంటాయి."

"కలిసి ఒక పదం. నీలి పెన్ను. మధ్యలో ప్లస్ ఉంది చూడు, అది గోడ. గోడకి అవతల ఇంకో పదం, ఆకుపచ్చ పెన్ను. మొత్తం రెండే. ఇందులో ఎక్స్ ఉంది, అందులో లేదు, అందుకే అవి రెండూ కలిపి పదహారు చెయ్యకూడదు."

"ఆ అవతలిదాన్నేమంటారు? పద్నాలుగుని?"

"స్థిరపదం." పిల్ల మార్కరు కింద పెట్టింది. కిటికీ వైపు తిరిగింది. "అది మారదు. అంతే."

"ఎందుకు మారదే?"

"దాని పక్కన ఎక్స్ లేదు కాబట్టి. నిద్రొస్తోంది అత్తా."

నీరసమేమో అనుకుని పెద్దగరిటె దుప్పటి కప్పి, మూత పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఎక్స్ అర్థమైంది, రెండు అర్థమైంది. ఆ పద్నాలుగే కొరుకుడుపడలేదు. తినేవాళ్ళే లేకపోతే అది మాత్రం ఎందుకుంటుంది? ఎవరి కోసం? వరండాలో అటూ ఇటూ తిరిగింది, మెట్లు దిగి ఎక్కింది, మూతను ఒడిలో పెట్టుకుని చూసింది. తనకి ఎప్పటికీ రాదనీ, పిల్ల సంచి సర్దాల్సిందేననీ, ఏ గౌను పెట్టాలి ఏది వద్దు అని కూడా ఆలోచించడం మొదలుపెట్టింది. అంతదాకా వచ్చింది పాపం.

సరిగ్గా అప్పుడే క్యాంటీన్ నుంచి ఫోను. ఆమె లేనప్పుడు వంట చూసే కుర్రవంటవాడు. రేపు ఫ్యాక్టరీ సెలవు కదా, కోల్డ్ రూమ్ కట్టేసి పోనా అని అడిగాడు.

"బుద్ధుందా నీకు? సెలవైతే కోల్డ్ రూమ్ కడతారా? ఎవరూ తినకపోయినా అది నడవాల్సిందే! లోపలున్నదంతా..."

కుళ్ళిపోతుంది అన్న మాట ఆమె నోట్లోంచి రాలేదు. అవతల కుర్రాడు "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు.

పొయ్యి తినేవాళ్ళని బట్టి. కోల్డ్ రూమ్ ఎవర్నీ బట్టి కాదు. నాలుగొందల మంది వచ్చినా, ఒక్కరూ రాకపోయినా అది ఆగితే లోపలున్నది కుళ్ళుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ తలుపు తెరుస్తూ మూస్తూ ఉంది, ఆ మోత వింటూనే ఉంది. పిల్ల ఒంట్లో కూడా తిండి కోసం కాని ఇన్సులిన్ ఒకటి రోజూ నడవాలి. తను దాన్ని కట్టేసింది. రెండు రోజులు కట్టేసి, పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసింది.

అర్థమైతే తేలికపడతాననుకుంది. అర్థమయ్యేసరికి ఆ వరండా గచ్చు మీదే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ నర్సు మాటల్ని బట్టి తనదే తప్పని నమ్మింది. ఇప్పుడు ఎలా తప్పో అంగుళం అంగుళం కళ్ళకి కనిపిస్తోంది.

మర్నాడు నర్సు అడిగింది, ఆమె చెప్పింది. పదాలు రెండు. ఈ పదానికి గుణకం రెండు. ఇది చరరాశి, పిల్ల తినే వాటాలు. ఇది స్థిరపదం. "ఎక్స్ సున్నా అయితే మొత్తం ఎంత?" అంటే పెద్దగరిటె కళ్ళనీళ్ళు కారుతుండగానే "పద్నాలుగు" అంది. వాంతులైతే ఫోన్ చెయ్యాలనీ, చక్కెర పరీక్ష మాటిమాటికీ చూడాలనీ నర్సు ఇంకా చాలా చెప్పింది. అన్నీ తిరిగి అప్పజెప్పింది. పంపించారు. తమ్ముడు ఫోన్లో మెత్తబడ్డాడు గానీ ఒక మాట అనేశాడు: "సరే అక్కా. కానీ ఇంకోసారి ఇలా అయితే నేను నిన్ను అడగను, తీసుకుపోతాను."

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున రొట్టె కాల్చి, గుడ్డు ఉడికించి మంచం దగ్గర పెట్టింది. పిల్ల గోడవైపు తిరిగి ఉంది.

"లేవే. తిను."

"వద్దు."

"ఒక్క ముక్క."

"వద్దన్నానా! నాకేం వద్దు. ఇవాళ ఏమీ తినను."

జ్వరం లేదు, ఒళ్ళు చల్లగానే ఉంది. చక్కెర పరీక్ష చేస్తే పెద్ద తేడా లేదు. ఎక్స్ సున్నా. పెద్దగరిటె నీలి పెన్నును పక్కన పెట్టి ఆకుపచ్చది తీసుకుంది. లెక్క తెలుసు, కానీ చెయ్యి వినడం లేదు. మెట్ల మీద తేలేసిన కళ్ళు ఒకవైపు, గాజు కిటికీ అవతలి మంచం ఒకవైపు. మధ్యలో ఆ పెన్ను. ఇదీ తప్పయితే, ఆ మూడో తప్పుకి తను బతకలేదు. పెన్నును గట్టిగా పట్టుకుని మీటను పద్నాలుగు దాకా తిప్పింది.

"చొక్కా పైకెత్తవే."

పిల్ల కదల్లేదు. గోడతోనే మాట్లాడింది.

"అత్తా, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"జ్వరమొచ్చినప్పుడు. తినకపోయినా ఆకుపచ్చది వెయ్యాలని. ఎక్స్ సున్నా అయినా పద్నాలుగు పోదని నాకు తెలుసు. బడిలో అందరికంటే ముందు నేనే చెప్పాను. నువ్వు ఇవాళ సూదులు వద్దులే అన్నావు కదా... ఊరుకున్నాను. ఒక్క రోజు పొడిపించుకోకుండా ఉందామని. ఒక్కరోజే అనుకున్నా. తర్వాత చెబుదామంటే ఒంట్లో ఓపిక లేదు."

పెద్దగరిటె మంచం అంచున కూర్చుంది. తప్పు తనొక్కదానిదే కాదని తెలిస్తే గుండె బరువు దిగాలి కదా? దిగలేదు. ఎందుకన్నది దాని దగ్గర ఉందిలే అని ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీదే భారం వేసి నిద్రపోయింది తను. పన్నెండేళ్ళది. దాని ప్రాణం నిలబెట్టే లెక్క దానికొక్కదానికే తెలిసి, అది వద్దనుకోవాలనిపించిన రోజున, వద్దనడానికి వీల్లేదని చెప్పే మనిషి ఆ ఇంట్లో లేకపోయింది. లాగి ఒక్కటివ్వాలనిపించింది. ఒళ్ళోకి లాక్కోవాలనిపించింది. రెండూ చెయ్యకుండా దాని భుజం పట్టి మెల్లగా తన వైపు తిప్పుకుంది.

"ఇప్పుడు నాకూ తెలుసే," అంది. "నువ్వు చెప్పినా చెప్పకపోయినా నాకు తెలుసు. ఎత్తు."

పిల్ల ఏడుస్తూనే చొక్కా పైకెత్తింది. పెద్దగరిటె పొట్ట మీద చర్మం పట్టుకుని, సూది గుచ్చి, మీట పూర్తిగా నొక్కి, మందు లోపలికి దిగేదాకా కదలకుండా పట్టుకుంది.

"రేపు కూడా వెయ్యాలా?" అంది పిల్ల, చొక్కా దించుకుంటూ.

"రేపు కూడా."

"ఏం తినకపోయినా?"

"తినకపోయినా," అంది పెద్దగరిటె.